ఐదుగురికి తొమ్మిది చెవులు

కొత్తగా హోమ్ థియేటర్ కొన్న యింటికి వచ్చేవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎంతయింది?" అని. రెండోది "ఎన్ని వాట్లు?" అని. మా యింటికి వచ్చిన చుట్టపక్కాలందరూ ఈ వరస తప్పలేదు. "ఏ స్పీకరు ఎక్కడ పెట్టారండీ?" అని అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. పొయ్యి ఏ మూలన ఉండాలో, మంచం తల ఎటు ఉండాలో గంటల తరబడి వాదించుకుంటాం గదా, స్పీకర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మేకు ఎక్కడ దిగితే అక్కడే సరి అంటాం. నిజానికి ఆ పెట్టెల విషయంలో అడగవలసిన మొదటి ప్రశ్న అదే. ధర సంగతి ఎలాగూ తర్వాత మనసుకు తెలుస్తూనే ఉంటుంది.

మావాడికి కిందటేడు హైదరాబాదులో ఉద్యోగమయింది. మొదటి జీతం రాగానే వాళ్ళ నాన్నమ్మకు ఏదైనా కొనాలనుకున్నాడు. చీర కొంటే పెట్టెలో దాచి ఎవరి పెళ్ళికో పెట్టేస్తుంది. గొలుసు కొంటే చెల్లెలి మెడలో వేస్తుంది. అంచేత నాలుగు నెలలు డబ్బు కూడబెట్టి, సంక్రాంతి సెలవులకు వస్తూ అట్టపెట్టెలు ఆరు కారులో వేసుకొచ్చాడు. "నాన్నమ్మా, నువ్వింక సినిమా హాలు మెట్లెక్కక్కర్లేదు. హాలే నీ దగ్గరికి వచ్చింది," అన్నాడు. అమ్మకు డెబ్బైమూడేళ్ళు. మోకాళ్ళు మొరాయించిన దగ్గర్నుంచి థియేటరు మొహం చూడలేదు. మనవడి మాటకు మురిసిపోయి, ఆ అట్టపెట్టెలకు బొట్టు పెట్టింది.

ఈ సరంజామాను "ఐదు పాయింట్ ఒకటి" అంటారు. ఎదురుగా మూడు స్పీకర్లు. వాటిలో మధ్యది ముఖ్యంగా మాటలకు. దానికి అటూ యిటూ ఉన్నవి పాటలకూ, తెరమీద అటూ యిటూ కదిలేవాటికీ. తక్కిన రెండూ సరౌండ్ స్పీకర్లు. వానా, గాలీ, జనం గోలా, కొండల్లో ప్రతిధ్వనీ, తెర బయట జరిగేదంతా వాటి వంతు. ఇక ఆ "పాయింట్ ఒకటి" సబ్‌వూఫరు. సుమారు 120 హెర్ట్‌జ్ లోపు ఉండే మంద్రధ్వని తప్ప మరేదీ పలకదు గనక దానికి పూర్తి అంకె ఇవ్వలేదు. తెలుగు మేష్టర్ని కావడం చేత నాకు అరసున్న గుర్తుకొచ్చింది. "సరౌండ్" అనే మాటకు "పరివేష్టిత ధ్వని" అని నేనొక అనువాదం చేశాను గాని, మా అమ్మాయి అన్నం తింటున్నది కాస్తా పొలమారేంతగా నవ్వడం వల్ల విరమించుకున్నాను.

బిగించడానికి వచ్చిన కుర్రాడు చురుకైనవాడు. గంటలో పని ముగించాడు. సరౌండ్ స్పీకర్లు రెంటినీ వెనక గోడకు, కప్పు కింద రెండు మూలల్లో, నేలకేసి చూసేటట్టు తగిలించాడు. చవితి పందిట్లో వేపకొమ్మకు మైకులు కట్టినట్టుంది వాటి వాలకం.

"అంత పైనెందుకోయ్?" అన్నాను.

"ఆయ్, అందరిళ్ళలోనూ ఇలాగేనండి మాస్టారూ. పిల్లలకి అందవు, చీపురు తగలదు," అన్నాడు.

చీపురు దృష్టితో చూస్తే అది నిర్దుష్టమైన స్థానమే. కాని మా సోఫా వెనక గోడను ఆనుకుని ఉండడంతో, సినిమాలో వాన కురిస్తే మా నడినెత్తి వెనక ఎవరో బొగ్గులబస్తా కుమ్మరించినట్టు వినిపించింది. మావాడు ఒక రాత్రంతా ఏవేవో చదివి, పొద్దున్నే "నాన్నా, ఇవి ఊడదీయాలి," అన్నాడు. గోడకు పడ్డ ఎనిమిది కన్నాలూ చూసి మా ఆవిడ ఏమందో యిక్కడ రాయను.

సినిమా హాల్లో అయితే పక్క గోడల పొడుగునా, వెనకా వరసగా బోలెడు స్పీకర్లు ఉంటాయి. వందలమంది కూర్చునే చోట ఏ ఒక్క కుర్చీనో ఉద్దేశించి ధ్వనిని పంచలేరు గదా. తెర వెలుపలికి ధ్వనిని తేవాలన్న తాపత్రయం చాలా పాతది. 1940లో డిస్నీ వారు "ఫాంటేసియా" కోసం ఫాంటాసౌండ్ అనే ఏర్పాటు చేశారు. 1977లో "స్టార్ వార్స్"తో డాల్బీ స్టీరియో జనానికి రుచి తగిలింది. మన తెలుగులో 1986లో వచ్చిన "సింహాసనం" తొలి 70 ఎం.ఎం. చిత్రం, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ ధ్వనితో వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. విజయవాడలో మా పెద్దమ్మగారింటికి వెళ్ళినప్పుడు అందరం కట్టగట్టుకుని చూశాం. అమ్మ వరసలో ఎడమ కొసన కూర్చుని, పిల్లల్నందరినీ తన కుడివైపు కూర్చోబెట్టుకుంది. గుర్రాలు ఎటునుంచి ఎటు పోయాయో నాకింకా చెవుల్లో ఉంది.

యింట్లో ఉండేవి రెండే సరౌండ్లు. అంచేత వాటి చోటు తప్పితే సర్దుకోడానికి మూడోది లేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1992లో వెలువరించి, తర్వాత సవరిస్తూ వచ్చిన సిఫార్సు ఒకటుంది. దాని ప్రకారం వినేవాడు నడుమ కూర్చుంటాడు. ఎదురుగా సూటిగా ఉన్నది సున్నా డిగ్రీలనుకుంటే, ముందు స్పీకర్లు అటూ యిటూ 30 డిగ్రీల దగ్గర ఉండాలి. సరౌండ్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య. అంటే సరిగ్గా పక్కన కాదు, పూర్తిగా వెనకా కాదు; భుజం దాటి కాస్త వెనక్కి అన్నమాట.

మా హాలు పద్నాలుగడుగుల పొడుగు, పదకొండడుగుల వెడల్పు. సోఫాను మూడడుగులు ముందుకు జరిపాం. మా అమ్మాయి జామెట్రీ పెట్టెలోంచి కోణమానిని తెచ్చింది. మా వృత్తిలో సుద్దముక్కకు కరువు లేదు. సోఫా నడుమ నేను కూర్చున్నచోటి నుంచి నూలుదారం లాగి, నేలమీద గీతలూ చాపాలూ గీశాం. లెక్క చాలా తేలిక: తల నుంచి పక్కగోడ ఐదున్నర అడుగులు, ఆ గోడమీద తలకు రెండడుగులు వెనక ఉన్న చోటు సుమారు 110 డిగ్రీలు. వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ ఆ వలయాలూ గీతలూ చూసి గుమ్మంలోనే ఆగి, "ఎవరికండీ చేతబడి?" అంది.

ఎందుకు పూర్తిగా వెనక పెట్టకూడదు అన్న సందేహానికి నేను వెదుక్కున్న సమాధానం రామాయణంలోకి తీసుకుపోయింది. దశరథుడు శబ్దవేధి. చీకట్లో ముని కుమారుడు కుండ ముంచుతున్న చప్పుడు విని, ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వేశాడు. ఆ ఘట్టం పాఠం చెప్పిన ప్రతిసారీ నాకొకటి అనిపిస్తుంది: ఆయన చెవి దిక్కును తప్పలేదు, వస్తువును తప్పింది. దిక్కు కనిపెట్టడంలో మన రెండు చెవులూ అంత గట్టివి. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవికి ముందూ, రెండో చెవికి వెనకా చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకండులో వెయ్యో వంతు కూడా ఉండదు, అందులో ముప్పాతిక లోపే. అయినా మెదడు పట్టేస్తుంది. కాని సూటిగా ముందునుంచి వచ్చినా, సూటిగా వెనకనుంచి వచ్చినా రెండు చెవులకూ ఒకేసారి చేరుతుంది. అప్పుడు చెవిడొప్ప వంపులు చెప్పిన సాక్ష్యం మీదే ఆధారపడాలి. ఆ సాక్ష్యం ఒక్కోసారి బోల్తా కొట్టిస్తుంది. అందుకే సరౌండ్లు భుజాల వెనక ఉండాలిగాని వీపు వెనక ఉండకూడదు.

దిక్కుతోబాటు దూరం కూడా చూసుకోవాలి. శబ్దం సెకండుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. అంటే అడుగుకు వెయ్యోవంతు సెకండు కన్నా రవ్వంత తక్కువ. జర్మనీలో హెల్ముట్ హాస్ అనే ఆయన 1951లో ప్రచురించిన పరిశోధన వల్ల అందరికీ తెలిసిన విషయమేమిటంటే, ఒకే శబ్దం రెండు చోట్లనుంచి కొద్దిపాటి తేడాతో వస్తే, ముందు చేరిన దాని దిక్కునే చెవి నమ్ముతుంది. వెనక వచ్చింది కాస్త గట్టిగా ఉన్నా సరే. పంచాయతీలో ముందు ఫిర్యాదు చేసినవాడి మాటే చెల్లినట్టు. అంచేత ముందు స్పీకర్లు పదడుగుల దూరంలోనూ, సరౌండ్లు ఆరడుగుల దూరంలోనూ ఉంటే, దగ్గరవాటిని ఆ మేరకు ఆలస్యంగా పలికించాలి. ఆ పని రిసీవరు చేస్తుంది. కొలతలు మాత్రం మనం నిజం చెప్పాలి. మా ఆవిడ కుట్టుమిషను డ్రాయరులోని టేపు తీసి అన్నీ కొలిచి చెప్పాం.

కుడివైపు గోడ ఉంది గనక పేచీ లేదు. ఎడమవైపు మాకు గోడే లేదు. అది భోజనాల బల్ల ఉన్న చోటికి తెరిచి ఉంటుంది. 110 డిగ్రీల చోటుకి సరిగ్గా మా ఆవిడ వంటింటికీ హాలుకీ తిరిగే దారి. స్టాండు పెడదామన్నాడు మావాడు. "పెట్టు. రోజూ సాంబారు గిన్నెతో దాన్ని ప్రదక్షిణం చేస్తాను," అంది వాళ్ళమ్మ. చివరికి ఆ తెరిపి అంచున ఒక స్తంభం ఉన్నది గమనించాం. అది తలకు మూడడుగులు వెనక. లెక్క వేస్తే దాదాపు 119 డిగ్రీలు. సిఫార్సుకు అంచున నిలబడి ఉంది గాని లోపలే ఉంది. జోడు కుదరాలని కుడిదాన్ని కూడా గోడమీద అదే దూరానికి జరిపాం. ఎత్తు ఐదున్నర అడుగులు: కూర్చున్నవాళ్ళ చెవికి రెండడుగులు పైన. మరీ చెవి మట్టానికి పెడితే కొసన కూర్చున్నవాళ్ళకు దగ్గర స్పీకరు తప్ప మరేదీ వినపడదు. కొంచెం పైకెత్తితే దగ్గరవాళ్ళకూ దూరంవాళ్ళకూ తేడా తగ్గుతుంది.

సబ్‌వూఫరు పెట్టిన మూల ఈశాన్యమని, అక్కడ బరువు పనికిరాదని ఎదురు ఫ్లాటు పెద్దాయన హెచ్చరించారు. మూలన పెడితే గుడగుడలు మరీ ఎక్కువవుతాయని మావాడు కూడా అదే రోజు కనిపెట్టాడు. శాస్త్రాలు రెండూ ఏకమైన అరుదైన సందర్భం గనక వెంటనే జరిపేశాం.

సరే, ఆ సాయంత్రం ఐదుగురం కూర్చున్నాం. వాన పడితే హాలంతా వాన పడింది. తెరమీద లేని కోకిల మా బాల్కనీ వైపునుంచి కూసింది. అమ్మాయి తల తిప్పి చూసింది కూడా. అమ్మ తన అలవాటు ప్రకారం సోఫా ఎడమ కొసన కూర్చుంది. "బాగుందిరా నాన్నా, హాల్లో ఉన్నట్టే ఉంది," అంది. అరగంట గడిచాక "నడుం లాగుతోంది," అని లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. మర్నాడు కూడా అరగంటే. మూడోనాడు "రాత్రి నిద్ర లేదు, మీరు చూడండి," అని అసలు రానేలేదు. మావాడు రిమోటు చేతిలో పట్టుకుని ఆ మూసిన తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు. నాలుగు నెలల జీతం సంగతి అలా ఉంచండి, వాడి మొహం చూడలేకపోయాం.

విషయం రాబట్టింది అమ్మాయి. రాత్రి పక్కలో పడుకుని అడిగితే చెప్పిందట: "మాటలు తెలియడం లేదే. వానా, మాటా, వాద్యాలూ అన్నీ ఒక్కచోటునుంచే వస్తున్నాయి. అన్నయ్యతో అనకు, ముచ్చటపడి తెచ్చాడు."

అమ్మకు ఎడమచెవి చిన్నప్పుడు కారి, ఆనక వినికిడి పోయింది. ఇది మాకందరికీ తెలిసినదే. యింట్లో ఎవరి ప్రస్తావనలోకీ రానంత పాతబడింది. సెలవులు అయ్యేలోపే చెవి డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్ళాం. కుడిచెవి వయసుకు తగ్గట్టు బాగానే ఉందనీ, ఎడమది పూర్తిగా పోయిందనీ తేల్చి, ఆయన నాకొక సంగతి విప్పి చెప్పారు. ఒక్క చెవితో మాట వినవచ్చు. దిక్కు తెలియడం కష్టం. దిక్కు తెలిసినవాడు గోలలోంచి మాటను ఏరుకోగలడు. పెళ్ళిపందిట్లో ఇన్ని మేళాల మధ్య ఎదుటి మనిషి మాట మనకు తెలుస్తోందంటే, ఆ మాట ఒకవైపునుంచీ, గోల మరోవైపునుంచీ వస్తున్నాయని రెండు చెవులూ కలిసి తేల్చబట్టి. ఒక చెవి లేనివాళ్ళకు ఆ ఏరుకునే వీలు చాలావరకు పోతుంది.

అంటే మేం దారాలు కట్టి, కోణాలు కొలిచి, హాలంతా పలచగా పరిచిన శబ్దం మాకు నలుగురికీ పరుపు; అమ్మకు కుప్ప. వెనకనుంచి వచ్చిన వానా, ఎదురుగా వచ్చిన మాటా ఒకే చెవి గుమ్మంలో తొక్కిసలాడుకుంటున్నాయి. మేం ఐదుగురం గాని మాకున్న చెవులు తొమ్మిది. సిఫార్సు రాసినవాళ్ళు మనిషికి రెండేసి చొప్పున లెక్క వేసుకున్నారు.

ఆటోలో తిరిగి వస్తూంటే చూశాను. అమ్మ ఎడమ అంచున కూర్చుంది, నేను కుడిపక్కన. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. గుడికి వెళ్ళేటప్పుడు పిల్లల చెయ్యి ఎప్పుడూ కుడిచేత్తోనే పట్టుకునేది. హరికథలో జనం మధ్య కాకుండా ఎడమ చివర స్తంభం పక్కన చోటు చూసుకునేది. భోజనాల బల్ల దగ్గర ఎడమ కొస కుర్చీ. విజయవాడలో ఆనాడు వరసలో ఎడమ కొస సీటు. సోఫాలోనూ అంతే. మనుషులందరూ తన కుడివైపు ఉండేటట్టు, ఎడమవైపు గోడో స్తంభమో తప్ప ఎవరూ లేకుండా, అరవయ్యేళ్ళ బట్టి ఆవిడ తన చోటు తానే కొలుచుకుంటోంది. కోణమానిని అక్కర్లేకుండా.

మావాడికి మొదట తట్టిన ఉపాయం హెడ్‌ఫోను. నాన్నమ్మ ఒక్కదానికీ తీగ లేని హెడ్‌ఫోను కొంటానన్నాడు. "చెవులు మూసుకుని మీ మధ్య కూర్చోవడమెందుకురా, ఆ మాత్రానికి నా గదిలోనే కూర్చుంటాను గదా," అంది అమ్మ. నిజమే. ఆవిడ సినిమా చూసే పద్ధతి వేరు. మధ్య మధ్య "ఈ అమ్మాయి ఎవరి కూతురు?" అని అడగాలి, మా ఆవిడ చెప్పాలి, అది తప్పని అమ్మాయి దిద్దాలి. ఆ మాటలు కూడా కుడిచెవిలోకే రావాలి. అందరూ మాట్లాడకుండా చూసే సినిమా ఆవిడ దృష్టిలో పరీక్షహాలు.

"చోటు మార్చి నాన్నమ్మని నడుమ కూర్చోబెడితే?" అంది అమ్మాయి. అలా చేస్తే ఇద్దరు మనుషులు ఎడమచెవి వైపుకు పోతారు. కుడి కొసకు మారిస్తే మేం నలుగురం పోతాం. పైగా కుడి సరౌండ్ మంచి చెవి పక్కనే మోగుతుంది. ఎటు లెక్క వేసినా ఆవిడ కూర్చున్న చోటే సరైనదని తేలింది. కదలవలసింది స్పీకర్లే.

మా యింట్లో దీనిమీద చిన్న యుద్ధమే నడిచింది. అన్ని స్పీకర్లూ నడుమ కూర్చున్నవాడికి సమానంగా వినిపించాలన్నది మావాడు చదివిన శాస్త్రం. సరౌండ్లు తగ్గించడమంటే వాడికి ఛందస్సులో గణభంగం లాంటిది. ఆ బాధ నాకు తెలుసు. "అయితే ఎందుకు నాన్నా ఇవన్నీ కొనడం?" అన్నాడు. "నాన్నమ్మ కోసమన్నావు గదరా," అంది మా ఆవిడ, చిక్కుడుకాయలు ఒలుస్తూ. తర్వాత వాడేమీ మాట్లాడలేదు. స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

ఏం చేశామంటే: మధ్య స్పీకరు టీవీ బల్ల అరలో లోపలికి ఉండేది, అరలోంచి వచ్చే మాట సహజంగా బొంగురుపోతుంది. దాన్ని అంచుదాకా ముందుకు లాగి, పాత హవాయి చెప్పు రబ్బరు రెండు ముక్కలు కోసి ముందువైపు కింద పెట్టాం. మొహం కాస్త పైకెత్తి సూటిగా సోఫావైపు చూస్తోంది. రిసీవరులో దాన్ని 3 డెసిబెల్స్ పెంచాం. సరౌండ్లు రెంటినీ 4 తగ్గించాం. కుడిదాని మొహం అమ్మ కుడిచెవి కేసి ఉన్నది గనక దాన్ని సోఫా వైపు కాక వెనక గోడ కేసి తిప్పాం. అప్పుడు వాన గోడకు తగిలి పలచబడి వస్తుంది. బాంబు పేలినప్పుడు తగ్గించి, గుసగుసలప్పుడు పెంచే ఒక ఏర్పాటు, రాత్రిపూట పక్కవాళ్ళు లేవకుండా ఉండడం కోసమని రిసీవరులో ఉంది. అది కూడా వేశాం. ఎడమ సరౌండ్‌ను ముట్టుకోలేదు. అది అమ్మకు దగ్గరే గాని, ఆ వైపు వినేవాళ్ళు లేరు.

మొదట "మాయాబజార్" పెట్టాం. 1957 నాటి చిత్రం. ధ్వని అంతా ఒకే పాయగా వస్తుంది. ఆ పాత ప్రతి పెట్టి, ధ్వనిని మధ్య స్పీకరు ఒక్కదానికే వదిలి, తక్కినవన్నీ నోరు మూయించాం. అమ్మ మొదటినుంచి చివరిదాకా చూసింది. దానికి లెక్కలో విలువ లేదన్నాడు మావాడు. ఆ సినిమా ఆవిడకు కంఠతా వచ్చు. మర్నాడు కొత్త సినిమా, వర్షం బాగా ఉన్నది, ఏరి పెట్టాడు. గంట గడిచింది. ఇంకో అరగంట గడిచింది. నాయకుడు వానలో తడుస్తూ ఏదో అంటున్నాడు. "ఏమిటీ, ఊరు వదిలి పోతానంటున్నాడా?" అంది అమ్మ. అతను అంటున్నది సరిగ్గా అదే.

అందరూ ఆవిడ కేసి తిరిగాం. "అలా చూస్తారేమిటి? తెర అటుంది," అంది.

నిజం చెప్పాలంటే నాకు ఆ కోకిల ఇదివరకంత దగ్గరగా కూయడం లేదు. మావాడు రిసీవరులో రెండు అమరికలు దాచాడు. రిమోటుమీద ఒకటో మీట నాన్నమ్మది, రెండోది వాడిది. రెండోది వాడు వచ్చినప్పుడు, రాత్రి పది దాటాక పనిచేస్తుంది. సోఫా కాళ్ళ కింద నేలమీద నాలుగు రంగు టేపు ముక్కలు అంటించి ఉన్నాయి. పనిమనిషి తుడిచినప్పుడల్లా సోఫా మళ్ళీ వాటిమీదికి రావాలన్నది అమ్మ స్వయంగా వేసిన ఉత్తర్వు.

మొన్న ఆదివారం వాడు ఫోను చేశాడు. ధ్వని ఆకాశంనుంచి కూడా వచ్చేటట్టు, కప్పుకు మరో రెండు స్పీకర్లు పెట్టే పద్ధతి ఉందట. వద్దనబోయాను. వాడు మాత్రం ధర చెప్పలేదు, వాట్లు చెప్పలేదు. "నాన్నా, నాన్నమ్మ కూర్చునే చోటినుంచి కప్పు ఎత్తెంతో, బీము ఎంత దూరమో కొలిచి పంపు," అన్నాడు. కుట్టుమిషను డ్రాయరులోంచి టేపు తీసి, అమ్మను సోఫా ఎడమ కొసన కూర్చోబెట్టి, అడుగులూ అంగుళాలూ రాసి పంపించాను.